అడుగు చూస్తేనే ఆనవాలు

*మానులకు బల్లల్లా పట్టే పుట్టగొడుగులు అడవికి వెళ్లిన ప్రతివాళ్లకీ కనిపిస్తాయి. ఏ జాతివో, చెట్టును ఏం చేస్తున్నాయో మాత్రం వంగి చూసినవాళ్లకే తెలుస్తుంది.*

2024 ఆగస్టు 31, సాయంత్రం. ములుగు జిల్లాలో తాడ్వాయికీ మేడారానికీ మధ్య అడవి మీద గాలి విరుచుకుపడింది. హోరు తగ్గాక చూస్తే ఒకదాని మీద ఒకటి పడిన మానులు. కొన్ని వేళ్లతో సహా లేచి వెల్లకిలా పడ్డాయి. కొన్ని నడిమికి విరిగాయి. యాభై వేలకు పైగా చెట్లు నేలకొరిగాయని లెక్క తేలింది. నానిన నేల, లోతుకు దిగని వేళ్లు, ఊహకందని గాలి... ఇవీ అప్పట్లో వినిపించిన కారణాలు. టీవీల్లో, టీకొట్ల దగ్గర అందరూ అడిగింది ఒక్కటే: ఎలా పడ్డాయి?

పడ్డాక ఏమవుతాయన్నది పెద్దగా ఎవరూ అడగలేదు. అది ఏటూరునాగారం అభయారణ్యం. అభయారణ్యాల్లో, జాతీయ పార్కుల్లో ఎండిన, జబ్బు చేసిన, గాలికి పడిన చెట్లను సైతం బయటకు తరలించకూడదని గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న రాష్ట్రాలన్నిటినీ కట్టడి చేసింది. అడవిలో పడిన కలప అడవిదే. దాని వారసులు ఎక్కణ్నుంచో రానక్కర్లేదు, అక్కడే ఉన్నారు. చెదలు, బెరడు తొలిచే పురుగులు, వాటితో పాటు బ్రాకెట్ ఫంగస్‌లు. కలపను మళ్లీ మట్టిగా మార్చే పనిలో ఈ మూడో జట్టుదే పెద్ద చెయ్యి. గోడకు కొట్టిన అల్మారా బల్లలా మానుకు అడ్డంగా పట్టి, గొడుగూ కాడా లేకుండా గట్టిగా ఉంటాయే, అవే. మనవాళ్లు చాలాచోట్ల కుక్కగొడుగుల లెక్కలో వేసి పక్కకు తప్పుకునే రకం.

పడిన కొమ్మ మీద మొదటి వాన

టేకు, మద్ది, తిరుమాను, ఏగిస, తునికి... మన అడవుల్లో ఎక్కువ భాగం ఇలా వేసవికి ఆకు రాల్చేవే. ఎండిన కొమ్మ నేలకు చేరి రెండు వానలు పడ్డాయంటే దాని మీద పంపకాలు మొదలైనట్టే. ఎండ తగిలే చోట ముందుగా వచ్చేవాటిలో ఒకటి స్కిజోఫిల్లం కమ్యూన్. చిన్నది, విసనకర్ర ఆకారం, పైన తెల్లటి నూగు. కింద మొప్పల్లాంటి మడతలు ఉంటాయి. ఒక్కో మడతా అంచు దగ్గర నిలువునా రెండుగా చీలి ఉండటమే దీని గుర్తు. ఎండ కాస్తే ఆ చీలికలు ముడుచుకుంటాయి, జల్లు పడితే విచ్చుకుంటాయి. ఎంత మొండిదంటే, 1911లో బుల్లర్ అనే శాస్త్రవేత్త ఎండబెట్టి, గాలి తీసేసిన గాజు గొట్టాల్లో మూసిపెట్టిన ముక్కలు యాభై ఏళ్ల తర్వాత తడిపితే మళ్లీ విచ్చుకున్నాయి. అంటార్కిటికా తప్ప ప్రతి ఖండంలోనూ ఉంది. మణిపూర్‌లో దీన్ని ఇష్టంగా వండుకుంటారు. నిజానికి ఇది అసలైన పాలీపోర్ల (అడుగున రంధ్రాలుండే బ్రాకెట్ ఫంగస్‌ల) వంశం కాదు, కానీ ఉండే చోటు, చేసే పని ఒకటే కాబట్టి పేచీ పెట్టనక్కర్లేదు.

పక్కనే సిందూరం రంగులో ఒకటి కనిపిస్తుంది. పిక్నోపోరస్ సాంగ్వినియస్. పలుచన, తోలులా వంగుతుంది, పైనా కిందా ఒకటే ఎరుపు. అడవిలో కొత్తగా తిరిగేవాళ్లు మొదట ఫొటో తీసేది దీన్నే. ముదిరి ఎండకు వెలిసిపోతే పైభాగం పాలిపోతుంది. అప్పుడూ తిప్పితే అడుగున ఎరుపు మిగిలే ఉంటుంది. ఇంకాస్త నీడలోకి వెళితే హెక్సాగోనియా. పైకి గోధుమరంగు ఎండు చెక్కలా ఉండి ఎవరి కంటా పడదు. తిప్పితే మాత్రం భూతద్దం అక్కర్లేకుండానే కనిపించే ఆరుపలకల గదులు వరసగా ఉంటాయి.

ఇవన్నీ చచ్చిన కలప మీద బతికేవి. బతికున్న మాను మీద కనిపించేవాటి కథ వేరు.

లోపలున్నదే అసలు ఒళ్లు

మానుకు పట్టి మనకు కనిపిస్తున్నది కాయ మాత్రమే. అసలు శిలీంధ్రం దారాలు దారాలుగా కలప లోపల పాకి ఉంటుంది. కొన్నేళ్లు లోపలే తిని బలిసి, విత్తనాల్లాంటి బీజాలను గాలికి వదలాల్సిన సమయం వచ్చినప్పుడు బెరడు చీల్చుకుని బయటకు కాయ కాస్తుంది. కాబట్టి కాయను పీకేస్తే జబ్బు పోదు. మామిడికాయ కోస్తే మామిడిచెట్టు పోనట్టే.

తినే పద్ధతులు రెండు. కలపకు బలాన్నిచ్చే లిగ్నిన్‌ను కూడా అరిగించుకునేవి ఒక రకం. వాటి వల్ల కలప తెల్లబారి, పీచుపీచుగా చేతికి ఊడి వస్తుంది. లిగ్నిన్‌ను వదిలి మిగతాది తినేవి రెండో రకం. అప్పుడు కలప గోధుమరంగుకు తిరిగి, అడ్డంగా నిలువుగా బీటలిచ్చి, వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. వెడల్పాకుల చెట్లలో ఎక్కువగా పనిచేసేది మొదటి రకం, అంటే తెల్లకుళ్లు. పుట్టగొడుగు దొరకకపోయినా, విరిగిన కొమ్మ లోపలి రంగు చూస్తే ఏ జట్టు పని చేసిందో సగం తెలిసిపోతుంది.

చెట్టులో ప్రాణం ఉండేది బెరడు కిందున్న బయటి పొరల్లోనే. నడుమనున్న చేవ బలమే తప్ప ప్రాణం కాదు. అందుకే చేవంతా పోయి పెద్ద తొర్ర పడిన చెట్లూ ఏళ్ల తరబడి చిగురిస్తూనే ఉంటాయి. ఆ తొర్ర లేకపోతే అడవిలో ఎందరికి ఇల్లుండదు! వడ్రంగిపిట్ట తొలవడానికి ఎంచుకునేది శిలీంధ్రం మెత్తబరచిన మానునే. అది వదిలేసిన గూళ్లలో చిలుకలు, గుడ్లగూబలు చేరతాయి. హార్న్‌బిల్ ఆడపక్షి తొర్రలో దూరి, ముక్కు పట్టేంత సందు వదిలి ద్వారం మూసుకుని గుడ్లు పొదుగుతుంది. నల్లమలలో తేనె తీసే చెంచులకు తొర్ర మాను విలువ ఒకరు చెప్పాలా?

నష్టపోయేవాళ్లూ ఉన్నారు. తాంబూలంలో వేసే కాచు సండ్ర చెట్టు చేవ నుంచి వస్తుంది. ఆ చేవనే తినే శిలీంధ్రం ఒకటుంది, ఫెల్లినస్ బాడియస్. మాను బయటికి నిక్షేపంగా ఉంటుంది, కొట్టి చూస్తే కాచు వండటానికి చేవ ఉండదు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన బి.కె. బక్షి 1950ల్లోనే దీని మీద రాశారు. సాల వృక్షాల వేళ్లనూ చేవనూ కుళ్లబెట్టే జాతులనూ ఆయన పట్టి పట్టి చూశారు. 1971లో వచ్చిన ఆయన పుస్తకం మన దేశంలో చెట్ల మీదా కలప మీదా పట్టే పాలీపోర్లను గుర్తుపట్టాలనుకునేవాళ్లకు చాలాకాలం పెద్దబాలశిక్ష.

> 5,300 ఏళ్ల నాటి సంచిలో
> 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన 'ఓట్జీ' అనే ఆదిమ మానవుడి దగ్గర రెండు రకాల బ్రాకెట్ ఫంగస్‌లు దొరికాయి. ఒకటి నిప్పు రాజేయడానికి వాడే ఫోమెస్. రెండోది భూర్జ వృక్షం మీద పెరిగేది. దాన్ని తోలుతాడుకు గుచ్చుకుని వెంట తెచ్చుకున్నాడు, మందుగా వాడటానికేనని ఎక్కువమంది పరిశోధకుల ఊహ. ఆఫ్రికాలో కొండ గొరిల్లాలు మానుకు పట్టిన గానోడెర్మా అనే బ్రాకెట్ ఫంగస్ కోసం కొట్లాడుకుంటాయని, వాటిని అధ్యయనం చేసిన డయాన్ ఫాసీ రాసింది.

ముందు చెట్టు పేరు, తర్వాతే పుట్టగొడుగు పేరు

చాలామంది చేసే పని: సెల్‌ఫోన్ తీయడం, పైనుంచి ఒక ఫొటో కొట్టడం, యాప్‌ను అడగడం. యాప్ ఏదో ఒక పేరు చెబుతుంది. ఐరోపా అడవుల్లో పెరిగేదాని పేరు చెప్పినా ఆశ్చర్యం లేదు. పైభాగం రంగు నమ్మదగింది కాదు మరి. వయసుతో మారుతుంది, ఎండకు మారుతుంది, నాచు పడితే పచ్చగా అవుతుంది. నమ్మదగిన సాక్ష్యాలన్నీ వేరే చోట్ల ఉన్నాయి.

మొదటిది చెట్టు. మద్దా, సండ్రా, ఇప్పా? బతికుందా, ఎండిపోయిందా? మొదట్లో పట్టిందా, ఎత్తున కొమ్మ విరిగిన గాయం దగ్గర పట్టిందా? ఈ మూడు జవాబులు రాసుకుంటే జాబితా సగానికి తగ్గుతుంది. మొదట్లో పట్టిందంటే వేళ్లు, మాను అడుగుభాగం కుళ్లుతున్నాయని అనుమానించాలి. ఎత్తున పట్టిందంటే పాత గాయం గుండా చేవలోకి దిగి ఉంటుంది.

రెండోది అడుగుభాగం. తిప్పడానికి వీలు లేకపోతే కింద చిన్న అద్దం పట్టి చూడొచ్చు. సూది మొనలంత గుండ్రటి రంధ్రాలా, ఆరుపలకల గదులా, దారి తప్పించే వంకరటింకర గాడులా, మొప్పల్లాంటి రేకులా, లేక ఏమీ లేని నునుపా? లెంజైటిస్‌కు రేకులుంటాయి. స్టీరియం అడుగు నున్నగా ఉంటుంది. గానోడెర్మా, ఫెల్లినస్ రంధ్రాలు మరీ సన్నం, మిల్లీమీటరు దూరంలోనే నాలుగైదు, కొన్నిట్లో అంతకు మించి పడతాయి. పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, ఒక స్కేలు ఉంటే లెక్కపెట్టొచ్చు. ఓపిక కావాలి, అంతే.

ఈ రంధ్రాల్లో ఒక విశేషముంది. బీజాలు నిట్టనిలువునా కిందికి రాలాలి కాబట్టి అవి ఎప్పుడూ నేల వైపే ఉంటాయి. చెట్టు పడిపోతే పాత బల్ల పక్కకు తిరిగిపోతుంది కదా, అప్పుడు శిలీంధ్రం కొత్తగా పెరిగే భాగాన్ని మళ్లీ నేల వైపు తిప్పుకుంటుంది. పడిన మాను మీద బల్ల నిలువుగా ఉంటే అది చెట్టు నిలబడి ఉన్నప్పుడే పట్టింది. నేలకు సమాంతరంగా ఉంటే పడ్డాక పట్టింది. రెండూ ఒకే బల్లలో కనిపిస్తే పడకముందు నుంచీ ఉన్న అతిథి. తాడ్వాయి లాంటి చోట ఏ చెట్టుకు కుళ్లు ముందే ఉంది, దేన్ని గాలి ఒక్కటే పడగొట్టింది అని తేల్చడానికి ఇంతకన్నా చవకైన సాక్ష్యం దొరకదు.

మూడోది లోపలి కండ. చిన్న ముక్క విరిస్తే తెల్లగా ఉందా, కాఫీ రంగా, తుప్పు రంగా? వేళ్లతో విరుగుతుందా, కత్తికీ లొంగదా? కండ తుప్పు రంగులో ఉంటే పలుచని పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క వేస్తారు నిపుణులు. అక్కడికక్కడే నల్లబడితే ఫెల్లినస్ బంధువర్గమని లెక్క. కోసిన ముక్కలో రంధ్రాల పొరలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తే అది ఏళ్ల తరబడి బతికే రకం. అయితే మన వాతావరణంలో ఒక్కో పొరకు ఒక్కో ఏడాది అని వయసు కట్టేయడం తొందరపాటే.

> అడవికి వెళ్లేటప్పుడు జేబులో
> భూతద్దం, చిన్న అద్దం, స్కేలు, పెన్సిలు, నోటుపుస్తకం. ఫొటోలు కనీసం నాలుగు: పైభాగం, అడుగుభాగం, పక్కన నాణెం పెట్టి ఒకటి, చెట్టు ఆకూ బెరడూ కలిపి ఒకటి. అభయారణ్యంలో ముక్క విరవడానికీ బయటకు తేవడానికీ వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ఒప్పుకోదు. అక్కడ కళ్లకూ కెమెరాకూ మాత్రమే పని.

రెండు ముఖ్యమైన ముఖాలు

బతికున్న చెట్ల విషయంలో తప్పనిసరిగా గుర్తుపట్టాల్సినవి గానోడెర్మా, ఫెల్లినస్.

గానోడెర్మాలో కొన్నిటికి పైన వార్నిష్ కొట్టినట్టు మెరుపుంటుంది. ఎరుపు కలిసిన గోధుమరంగు, పెరిగే అంచు మాత్రం తెలుపో పసుపో. కొన్నిటికి పక్కన పొట్టి కాడ. ఇంకొన్ని మెరుపు లేకుండా బూడిద, మట్టి రంగుల్లో చదునుగా, చేటంత వెడల్పు దాకా పెరుగుతాయి. గానోడెర్మా అప్లనేటం అలాంటిది. దాని తెల్లటి అడుగు మీద గోరుతో గీస్తే గీత గోధుమరంగులో నిలిచిపోతుంది. దాని మీద బొమ్మలు గీసి దాచుకునే కళాకారులు పడమటి దేశాల్లో ఉన్నారు. దగ్గర్లోని ఆకుల మీద, బల్ల పైభాగం మీద కోకో పొడి చల్లినట్టు కనిపిస్తే అది దుమ్ము కాదు, దీని బీజాలే. పెద్ద బల్ల ఒకటి రోజుకు 3 వేల కోట్ల బీజాలు వదులుతుందని అంచనా. అందులో మొలకెత్తేది ఏ ఒకటో అరో కాబట్టి సరిపోయింది.

ఫెల్లినస్‌కు మెరుపూ సొగసూ లేవు. గుర్రపు డెక్క ఆకారం, నల్లబడి బీటలిచ్చిన వీపు, తుప్పు రంగు అడుగు, రాయంత గట్టి. ఏళ్ల తరబడి ఒకే చోట ఉంటుంది. పశ్చిమ కనుమల వైపు పనసచెట్లకు పట్టే ఇలాంటివాటిని 'ఫణసోంబా' అని నాటువైద్యంలో వాడతారు.

ఇంతకు మించి, జాతి పేరు దాకా వెళ్లాలంటే సూక్ష్మదర్శిని కావాలి, ఇప్పుడైతే డీఎన్ఏ కూడా. వందేళ్లుగా ప్రపంచమంతా గానోడెర్మా లూసిడం అని పిలిచిన చైనా రకం అసలు ఆ జాతే కాదని తేలి, 2012లో గానోడెర్మా లింగ్జీ అని కొత్త పేరు పెట్టారు. శాస్త్రవేత్తలే అంత తడబడ్డ చోట మనం 'ఇది గానోడెర్మాలో ఒకటి' అని ఆగిపోవడం చిన్నతనమేమీ కాదు. పేరులో రెండో ముక్క తెలియకపోయినా పర్వాలేదు గానీ, చెట్టు పేరు రాయకపోతే మాత్రం ఆ ఫొటో ఎవరికీ పనికిరాదు.

ఎర్రదాని వెనక ఓ బెంగాలీ

కలకత్తాలో వైద్య విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పిన సహాయరామ్ బోస్ అనే అధ్యాపకుడు 1918 నుంచి దాదాపు మూడు దశాబ్దాల పాటు బెంగాల్ పాలీపోర్లను ఒక్కొక్కటిగా వర్ణిస్తూ వచ్చారు. పెన్సిలిన్ వార్తలు ప్రపంచాన్ని ఊపేస్తున్న రోజుల్లో ఆయన దృష్టి తాను కొమ్మకొమ్మకూ చూసిన ఎర్ర పుట్టగొడుగు మీద పడింది. అవును, ఇందాకటి పిక్నోపోరస్ సాంగ్వినియస్సే. దాన్నుంచి సూక్ష్మజీవులను అణచే పదార్థం తీసి 'పాలీపోరిన్' అని పేరుపెట్టారు. 1946లో 'నేచర్' పత్రికలో ఆ సంగతి అచ్చయింది. మందుల దుకాణం దాకా పాలీపోరిన్ రాలేదు. బోస్ పేరూ పాఠ్యపుస్తకాల దాకా రాలేదు. రెండోది మన తప్పు.

కొబ్బరి మొదట్లో, కాలనీ మలుపులో

అడవిలో పెద్దమనిషిగా బతికే గానోడెర్మా తోటలోకి వస్తే రైతుకు దడ. 1952 తుపాను తర్వాత తంజావూరు కొబ్బరి తోటల్లో ప్రబలి 'తంజావూరు తెగులు'గా పేరుపడింది. కోనసీమ కొబ్బరి రైతులకూ దీని గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. మొదలు దగ్గర బెరడు మీద ముదురు గోధుమరంగు జిగురు కారుతుంది, మట్టలు వేలాడతాయి, కాపు తగ్గుతుంది. మొదట్లో బల్ల కనిపించేసరికి ఆఖరి దశ. అందుకే కొబ్బరిలో పుట్టగొడుగు కోసం ఎదురుచూడకుండా జిగురు కారడం చూడగానే అంబాజీపేట పరిశోధన కేంద్రానికో, ఉద్యాన అధికారికో చెప్పడం మేలు. వేపపిండిలో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని కలిపి వేయడం, తెగులు చెట్టు చుట్టూ కందకం తవ్వి వేళ్లను వేరుచేయడం, ఒక చెట్టు పాదు నీళ్లు ఇంకో చెట్టుకు పారకుండా చూడటం, చచ్చిన చెట్టు మొద్దును వేళ్లతో సహా తీసేయడం ఎప్పట్నుంచో చెబుతున్న జాగ్రత్తలే.

నగరాల్లో పరిస్థితి ఇంకా చిత్రం. చెట్టు మొదలు దాకా సిమెంటు పోస్తాం, కేబుల్ కోసం వేళ్లు నరుకుతాం, తీగలకు తగులుతోందని కొమ్మలు మొండిగా కొట్టేస్తాం. ప్రతి గాయమూ శిలీంధ్రానికి ద్వారమే. మే నెల గాలివానకు తురాయి చెట్టు కారు మీద పడ్డాక 'చెట్లు ప్రమాదకరం' అంటాం. ఆ చెట్టు మొదట్లో ఎర్రటి బల్లలు రెండేళ్లుగా కనిపిస్తూ ఉండొచ్చు, వాటిని చదివినవాళ్లే లేరు. ఇంకో గందరగోళం కూడా ఉంది. 2021లో తెలంగాణలో వేపచెట్ల చిగుళ్లు మాడినప్పుడు 'ఫంగస్' అన్న మాట ఊరూరా పాకింది. అది ఫోమోప్సిస్ అనే వేరే శిలీంధ్రం, ఆకులకూ రెమ్మలకూ వచ్చే జబ్బు, బల్లలు పట్టదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో సెలైన్ సీసాల్లో మందు ఎక్కించింది చెదల మీద. అన్నిటినీ ఒకే గాటన కట్టి మందు కొడితే డబ్బు దండగ.

డబ్బాలో గానోడెర్మా

గొలుసుకట్టు వ్యాపారాల పుణ్యమా అని గానోడెర్మా కాఫీ, గుళికలు మన చిన్న పట్టణాలకూ చేరాయి. క్యాన్సర్ నుంచి కీళ్లనొప్పుల దాకా అన్నీ తగ్గుతాయని బంధువులే వచ్చి చెబుతారు, కాదనలేం. ఉన్న పరిశోధనలన్నిటినీ వడపోసిన కాక్రేన్ సమీక్ష మాత్రం క్యాన్సర్‌కు దీన్ని ప్రధాన చికిత్సగా వాడటానికి తగిన ఆధారాలు లేవని తేల్చింది. జపాన్‌లో 1977లో అనుమతి పొందిన క్రెస్టిన్ అనే మందు ట్రామెటిస్ వెర్సికలర్ అనే మరో బ్రాకెట్ ఫంగస్ నుంచి తీసింది. అదీ కీమోథెరపీకి తోడుగా ఇచ్చిందే. ఫ్యాక్టరీ డబ్బా సంగతే ఇలా ఉంటే, మద్ది మాను నుంచి పీకిన బల్లను ఎండబెట్టి కషాయం కాచుకోవడం గురించి వేరే చెప్పాలా? జాతి పేరు తేలని దాన్ని నోట్లో పెట్టుకోవద్దు.

కనిపిస్తే ఏం చేయాలి

అడవిలో అయితే ఏమీ చేయొద్దు. వంగి అడుగు చూడండి, ఫొటో తీయండి, చెట్టు పేరు రాసుకోండి, వదిలేయండి. వంటచెరకు కోసమో, 'శుభ్రత' కోసమో పడిన ప్రతి మానునూ ఊడ్చేసిన అడవిలో వచ్చే తరం చెట్లకు ఎరువుండదు.

ఇంటి ముందో, బడి గేటు దగ్గరో బతికున్న చెట్టు మొదట్లో గట్టి బల్లలు కనిపిస్తే మాత్రం ఊరుకోవద్దు. పీకేయకండి, అదే మీ దగ్గరున్న సాక్ష్యం. తొర్రలో సిమెంటు నింపించకండి, ఆ పాత పద్ధతిని చెట్ల వైద్యులు ఎప్పుడో వదిలేశారు. మానును సుత్తితో తట్టి డొల్ల శబ్దం ఎంత మేర వస్తోందో వినమనండి. ఫొటోలతో పురపాలక సంఘం ఉద్యాన విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. హైదరాబాద్‌లో అయితే జీహెచ్ఎంసీ అర్బన్ బయోడైవర్సిటీ విభాగానికి. కొన్నిసార్లు బరువు కొమ్మలు తగ్గిస్తే సరిపోతుంది, కొన్నిసార్లు చెట్టునే తీయాల్సి వస్తుంది. ఆ నిర్ణయం పరీక్షించినవాళ్లది. పట్టణాల్లో చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. పుట్టగొడుగు పట్టిందన్న కారణం ఒక్కటే దానికి మినహాయింపు కాదు.